రంగు దిగితే ఎవరి పాపం?

ఎవరు చేసుకున్నది వారే అనుభవించాలంటుంది కర్మ సిద్ధాంతం. వ్యాపారంలో పేరు మాత్రం ఈ లెక్కకు లొంగదు. బందరు దగ్గరి పెడనలో ఒకరు అద్దిన దుప్పటి మొదటి ఉతుకులోనే రంగు దిగిందనుకోండి. కొన్నవారికి ఆ అద్దకందారు పేరు తెలియదు. బందరు కలంకారీ ఇంతేలే అనేస్తారు. తప్పు ఒకరిది, ఫలం ఊరందరిదీ. అందుకే చూసీ చూడనట్టు వదిలేసిన లోపాన్ని నాసిరకం పనితనమని సరిపెట్టలేం. అది పక్కవాడి సొత్తు తీసుకోవడం. అస్తేయమంటూ యోగశాస్త్రం వద్దన్న పనే.

ఆ సొత్తు నిన్నమొన్నటిది కాదు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరులో దిగింది ముఖ్యంగా బట్టల కోసమే. ఉతికినా వెలవని రంగులు అప్పట్లో యూరప్‌ను అబ్బురపరిచాయి. రంగు అలా నిలవాలంటే ఓపిక కావాలి. కరక్కాయ నీళ్లలో నానబెట్టిన బట్ట మీద ఎరుపు కావలసినచోట పటిక అద్ది, ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, అదనపు పటిక పోయాకే రంగు నీళ్లలో ఉడకబెట్టాలి. జాడింపు చాలకపోతే మిగిలిన పటిక తెల్లగా ఉండాల్సిన చోటికీ పాకి అక్కడా ఎరుపు పడుతుంది. కంటికి కనబడే మచ్చ కాబట్టి అది కొంత నయం. ఉడికాక పైపైన నిలిచిన రంగును సరిగా ఉతకకుండా మడతపెట్టిన తాను మాత్రం దుకాణంలో నిగనిగలాడుతుంది. దాని గుట్టు కొన్నవారింట్లో, బకెట్ నీళ్లలో బయటపడుతుంది.

చేతిపని అన్నాక తేడాలుండవా అంటారు. ఉంటాయి. అచ్చు వెంట్రుకవాసి జరిగితే కొనేవారు చూసే కొంటారు, మోసమేమీ లేదు. నిప్పును పొగ కమ్మినట్టు ప్రతి పనినీ ఏదో దోషం కమ్మే ఉంటుందని గీత పద్దెనిమిదో అధ్యాయం చెప్పిందనేవారూ ఉన్నారు. నిజమే, కానీ దోషముందని పని మానొద్దన్నది అక్కడి మాట, దోషాన్ని మడతలో దాచమని కాదు. తెలియక జరిగిందన్న వాదన ఇంకాస్త గట్టిది, సంకల్పం లేనిదే పాపం లేదన్న ఆలోచన మన దర్శనాల్లో ఉంది కనుక. మొదటి తాను విషయంలో ఒప్పుకుందాం. ఒక ఫిర్యాదు వచ్చాక కూడా, దానితోపాటు ఉడికిన మిగతా తానులను తడిపి చూడకుండా పంపితే? చూడకూడదనుకోవడమూ సంకల్పమే.

శాంతిపర్వంలో జాజలి అంతటి తపస్వి ధర్మం తెలుసుకోవడానికి కాశీలో సరుకులమ్ముకునే తులాధారుడి దగ్గరికి వెళ్లాడు. ధర్మం కొట్లోనూ ఉంటుందని భారతకారుడికి అనుమానం లేదు. బందరు కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, బయటి నకళ్లను అడ్డుకోవడానికి అది పనికొస్తుంది. అమ్మకముందు సొంత తానులో ఓ ముక్క తడిపి చూసుకోవడం మాత్రం అద్దేవారి వంతు. రంగు దిగుతోందని తేలితే ఆ తానును బందరు పేరుతో అమ్మకండి.