చక్రయానమను వ్రతము

శరీరమును కష్టపెట్టినంత మాత్రమున తపస్సు కాదు; చేతిలోని ధనము వదలినంత మాత్రమున దానము కాదు. గీతయందు పదునేడవ అధ్యాయమున భగవానుడు ఈ రెంటిని వేర్వేరుగా గ్రహించి, ఒక్కొక్కదానిని మూడేసి విధములుగా విభజించి చూపెను. గౌరవము కొరకు, పదిమంది మెప్పు కొరకు చేయు తపస్సు రాజసమనియు, మూర్ఖపు పట్టుదలతో దేహమును హింసించుకొనునది తామసమనియు ఆ విభాగము యొక్క సారాంశము. అయితే ఒకే మనుజుడు తన దేహమును శ్రమపెట్టుచు, ఆ శ్రమనే ఆధారముగా గొని ఇతరులచే దానము చేయించుట కలదు. అట్టి కార్యమును ఏ తరగతిలో చేర్చవలెను?

దేశదేశములయందు నేడు వ్యాపించియున్న ఒక ఆచారమును బట్టి ఈ ప్రశ్న పుట్టినది. ఒక వ్యక్తి తాను ఇన్ని వందల కిలోమీటర్లు సైకిలుపై పోయెదనని ప్రకటించును. బంధుమిత్రులును, తోడి యుద్యోగులును అతని పూనికను చూచి, కిలోమీటరునకు ఇంత యని వాగ్దానము చేయుదురు. ఆ ధనము ఒక వైద్యశాలకో, అనాథ శరణాలయమునకో, అంగవైకల్యము గలవారి సంస్థకో చేరును. ఇది విన్నంతనే వివేకియైన గృహస్థు అడుగును: “దానము చేయదలచినవాడు ఇంట కూర్చుండి చేయరాదా? ఈ చక్రములు త్రిప్పుట యెందులకు? క్రొత్త సైకిలునకును, త్రోవ ఖర్చులకును వెచ్చించు సొమ్మును నేరుగా రోగి చేతిలో పెట్టిన పోలేదా?”

ఈ యాక్షేపణను తేలికగా త్రోసిపుచ్చరాదు. యాత్రకైన వ్యయము వసూలైన విరాళమును మ్రింగివేసినచో, అది ధర్మము పేరిట జరిగిన విహారయాత్రయే. యాత్రికుడు తన తిండి, బస, మరమ్మతు ఖర్చులను తన జేబునుండియే పెట్టుకొని, వచ్చిన ప్రతి రూపాయికిని జమ వ్రాసి, అడిగినవారికెల్ల ఆ పుస్తకము చూపగలిగి యుండవలెను. ఈ నియమము పాటింపనివాని విషయమున గృహస్థుని మాటయే గెలుచును. పాటించినవాని విషయమున మాత్రము వేరొక సమాధానము కలదు. ఒకని సంపాదనకు హద్దు ఉన్నది. ఒకని యాచనకు హద్దు లేదు. మధుకర వృత్తి నవలంబించిన సాధువు ఇంటింటికి తిరిగి పిడికెడేసి గ్రహించును గాని ఒక్క యింటనే కుండను నింపుకొనడు. అట్లు నడచి వచ్చిన కాళ్లను చూచి గృహిణి లోనికి పోయి పిడికెడు తెచ్చును. అడుగువాడు తానును కొంత పోగొట్టుకొనుచున్నాడని కనబడినపుడు ఇచ్చువాని చేయి ముందునకు సాగును. లోకస్వభావ మట్టిది.

మన యిండ్లలో ఏ వ్రతము చేసినను ముందు సంకల్పము చెప్పుకొందురు. దేశమును, కాలమును, గోత్రనామములను ఉచ్చరించి, ఏ ఫలమును గోరి ఈ కర్మ చేయుచున్నామో నోరార పలికి, నీరు విడుతురు. పలికిన తరువాత వెనుకకు పోరాదు. కర్మ ముగిసిన పిమ్మట ఆ ఫలమును ధారవోయు ఆచారమును కలదు. తాను ఆర్జించినది తనదికాదని చెప్పుటకు నీటిచుక్కయే సాక్షి. సైకిలు యాత్రికుని ప్రకటనయు సంకల్పము వంటిదే. ఇన్ని కిలోమీటర్లు, ఈ దినము మొదలు, ఫలాని రోగుల కొరకు అని అతడు పలికినాడు. ఇక మిగిలినది ధారవోయుట. కష్టమైన పని అదియే, ఏలయన కాళ్లనొప్పిని భరించుట కన్న పొగడ్తను చేతినుండి జారవిడుచుట కష్టతరము.

హైదరాబాదు నగరమునుండి ఒక యువకుడు ఇట్టి సంకల్పముతో బయలుదేరి, రాయపూరు పశ్చిమ ద్వారమువంటి టాటీబంధ్ చేరదలచినాడని అనుకొందము. టాటీబంధ్ ప్రక్కన, జనులు ఎయిమ్స్ అని పిలుచు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 2012 నుండి నడచుచున్నది. పల్లెలనుండి, అడవి సీమలనుండి అచ్చటికి వచ్చు నిరుపేద రోగుల వెంటనుండువారి అన్నపానములకై ధనము కూర్చుట అతని కోరిక. నాగపూరు మీదుగా పోయినచో దూరము సుమారు ఎనిమిదివందల కిలోమీటర్లు. ఋతువును ఎన్నుకొనుటలో కూడ వివేకము వలయును. వైశాఖ జ్యేష్ఠములలో రాయపూరు ఎండ నలువదియైదు డిగ్రీల దరిదాపులకు పోవును. ఆ కాలమున బయలుదేరి వడదెబ్బ తగిలి పడినవాడు రోగులకు సాయము చేయుటకు మారుగా తానొక రోగి మంచము నాక్రమించును. మన యువకుడు మార్గశిరమునే ఎన్నుకొనినాడు.

బయలుదేరు ఊరిలోనే అతనికి ఒక గురువు కలడు. హైదరాబాదు వాసియైన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదమున ఒక కాలును కోల్పోయి, పిదప సైకిలు త్రొక్కుట తిరిగి నేర్చి, 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీలలో రజత పతకములు గెలిచెను. ఆ కీర్తి తనతో ఆగిపోకుండ, తన పేరిట ఒక సంస్థను నెలకొల్పి, అవయవములు కోల్పోయిన క్రీడాకారులకును, సైనికులకును శిక్షణ ఏర్పరచెను. ఆ సంస్థ విరాళములకై నడపు దీర్ఘయాత్రలలో అంగవైకల్యము గలవారును, లేనివారును కలసి సైకిళ్లు త్రొక్కుదురు. 2020 చివర వారు కాశ్మీరమునుండి కన్యాకుమారికి పోయిరి. ఎవరి కొరకు యాచన జరుగుచున్నదో వారే ముందు వరుసలో చెమటోడ్చుచుండగా, దాత యెవరు, గ్రహీత యెవరు? గ్రహించువానికే దాత కృతజ్ఞుడై యుండవలెనని వివేకానందస్వామి కర్మయోగమును బోధించుచు చెప్పిన మాటకు ఇంతకన్న సులభమైన వ్యాఖ్యానము దొరకదు.

నిర్మల దగ్గర గోదావరిని దాటి, ఘాటు రోడ్డెక్కి, ఆదిలాబాదు మీదుగా పెన్‌గంగ నుత్తరించిన తరువాత త్రోవలో హింగన్‌ఘాట్ వచ్చును. బాబా ఆమ్టే 1914లో జన్మించిన ఊరది. ఆయన స్థాపించిన ఆనందవనము అచ్చటికి చేరువనున్న వరోరాలో కలదు. ఢిల్లీ రైలులో పోవు తెలుగువారెందరో ఆ స్టేషనును కిటికీలోనుండి చూచి, పేరు చదువక దాటిపోవుదురు. ఆయన న్యాయవాది, భయమెరుగనివాడని పేరు. ఒకనాడు వానలో త్రోవప్రక్కన కుష్ఠురోగముచే శిథిలమై పడియున్న ఒక మనుజుని చూచి, జుగుప్సచేతను భయముచేతను పారిపోయెను. ఇల్లు చేరిన తరువాత ఆయనను బాధించినది ఆ రోగి రూపము కాదు, తన పరుగు. తిరిగి పోయి ఆ దీనుని సేవించెను. రోగి బ్రతుకలేదు. ఆమ్టే మాత్రము ఆ భయమును జయించువరకు విశ్రమింపనెంచి, 1949లో మహారోగి సేవాసమితిని స్థాపించి, రోగుల చేతులతోనే బీడునేలను సాగుచేయించి, ఆనందవనమును నిర్మించెను.

ఆయన కథ ఇచ్చట ప్రస్తుతమగుటకు వేరొక కారణము కలదు. 1985 డిసెంబరులో, ఏడుపదులు దాటిన వయస్సున, దేశమునందలి వైషమ్యములను చూచి వ్యాకులుడై, భారత్ జోడో అను పేర నూటికి పైబడిన యువతీయువకులతో కన్యాకుమారినుండి కాశ్మీరమునకు సైకిలు యాత్ర నడపెను. ఐదువేల కిలోమీటర్లకు పైబడిన త్రోవ. యువజనులు సైకిళ్లపై పోయిరి. వెన్నెముక వ్యాధిచే కూర్చుండుటకును శక్తి చాలని ఆమ్టే వాహనములో పరుండి వారి వెంట పోయెను. తాను సైకిలు త్రొక్కుచున్నట్లు ఆయన నటింపలేదు. నటింపలేదని ఎవరును ఆయనను తక్కువ చేయలేదు. ఈ సంగతిని మన యువకుడు మనస్సున నుంచుకొనవలసియున్నది, ఏలయన అతని పరీక్ష ముందున్నది.

నాగపూరు దాటి తూర్పునకు తిరిగిన యెడల దిక్కు మాత్రమే కాదు, ప్రకృతియు మారును. భండారా దగ్గర వైనగంగ. అటు పిమ్మట అడవులు. 1877 ప్రాంతమున, రైలుమార్గము లేని ఈ సీమలో, పదునాలుగేండ్ల నరేంద్రుడు తల్లితోను, తోబుట్టువులతోను ఎడ్లబండిపై పక్షము దినములకు పైగా ప్రయాణించి, రాయపూరులో నున్న తండ్రిని చేరెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. త్రోవలో ఒక కొండచరియ పగులులో ఏండ్ల తరబడి కట్టబడిన పెద్ద తేనెపట్టును చూచి, ఆ సృష్టిని తలచుచు బాలుడు బాహ్యస్మృతి కోల్పోయెనట. మెల్లగా పోవు బండి ఆ భాగ్యమును కలిగించినది. సైకిలు బండికన్న వేగము గలదైనను, మోటారు కన్న దయ గలది. త్రోవప్రక్క ముఖములను చూడనిచ్చును.

దేవరీ సమీపమున అడవిత్రోవలో యువకుని మోకాలు వాచినది. ప్రొద్దు వాలుచున్నది. ఒక లారీ ఆగినది. డ్రైవరు దిగి, మాటలాడకయే సైకిలును పైకెత్తి, నలువది కిలోమీటర్ల దూరమున దింపి, డబ్బు పుచ్చుకొనక పోయినాడు. చూచినవారు లేరు. విరాళములు కిలోమీటరు లెక్కన వచ్చునవి. ఆ నలువదియు పుస్తకములో వ్రాసికొనినచో నష్టపడువారెవరు? ధనము రోగులకే గదా చేరునది! పుణ్యకార్యములలో అసత్యము ఎప్పుడును ఈ వేషముననే వచ్చును. దొంగవలె రాదు, పేదవాని బంధువువలె వచ్చును. మోకాలు వాచుటచే వ్రతము చెడదు. శక్తికి మించినపుడు ఆగుమనియే శాస్త్రము. కాని త్రొక్కని దూరమును త్రొక్కితినని వ్రాసిన క్షణమున, త్రొక్కిన ఏడువందల కిలోమీటర్లు కూడ సంశయములో పడును.

భిలాయిలో ఆ రాత్రి ఒక తెలుగు కుటుంబము వారు అతనికి బస యిచ్చిరనుకొందము. ఉక్కు కర్మాగారము వెలసిన నాటినుండి అచ్చట తెలుగువారు స్థిరపడియున్నారు. పెరుగన్నము వడ్డించుచు ఆ యింటి వృద్ధమాత అడుగును:

“ఎవరి కోసం నాయనా, యింత కష్టం?”

అతడు చెప్పును. ఆమె కొంగుముడి విప్పి ఒక నోటు తీసి పీటమీద పెట్టును. అప్పుడతడు ఉండబట్టక, “అమ్మమ్మా, నేను పూర్తిగా త్రొక్కలేదండీ. నలభై కిలోమీటర్లు లారీలో వచ్చాను” అనును.

“లారీ అతను డబ్బులు తీసుకున్నాడా?”

“లేదండీ.”

“అయితే ఆ నలభై అతని పేరున వ్రాయి, నాయనా. ఇచ్చినవాళ్ల లెక్కలో అతనూ ఉండాలి కదా!”

పండితులు కూడ ఈ తీర్పునకు చేర్చగలిగినది ఏమియు లేదు.

మరునాడు ఖారూన్ నదిని దాటినంతనే టాటీబంధ్ కూడలి. నాగపూరు, భిలాయి త్రోవయు, బిలాసపురము వైపు త్రోవయు, నగరము చుట్టుదారియు కలియు చోటు. ఇచ్చట యువకుడు ఒక నిముసము సైకిలు దిగి నిలువదగును. 2020 మే మాసమున, మహమ్మారి కారణమున రైళ్లును బస్సులును నిలిచిపోయిన దినములలో, మహారాష్ట్రనుండియు తెలంగాణనుండియు స్వగ్రామములకు మరలుచున్న కూలీలు వేలకొలది ఈ కూడలిని చేరిరి. కొందరు లారీలపై, కొందరు కాలినడకను, కొందరు సైకిళ్లపై. వారెవరును సంకల్పము చెప్పుకొనలేదు. వారి కిలోమీటర్లకు వెల కట్టినవారు లేరు. ఋతువును ఎన్నుకొను స్వాతంత్ర్యము వారికి లేకపోయెను. అదే మాసమున లక్నో నగరమునుండి ఛత్తీస్‌గఢ్‌లోని తమ పల్లెకు, వందల కిలోమీటర్ల దూరము, ఇరువురు బిడ్డలతో ఒకే సైకిలుపై బయలుదేరిన దంపతులు ఆ నగరము దాటకమునుపే వాహనము ఢీకొని మరణించిరి, బిడ్డలు బ్రతికిరి. కోరి తెచ్చుకొనిన కష్టమును గొప్పగా చెప్పుకొనదలచినవాడు ఈ యాత్రను ఒకసారి తలచినచో, అతని మాట దానంతటదియే తగ్గును.

భాగవతమునందలి రంతిదేవుడు నలువదియెనిమిది దినములు అన్నపానములు లేక యుండెను. అది ఆయన ప్రకటించిన ఉపవాసము కాదు. దానముచే సర్వమును తరిగిపోయి వచ్చిన లేమి. నలువదితొమ్మిదవ దినమున దొరికిన ఆహారమును వచ్చినవారికి వచ్చినట్లు పంచి, తుదకు మిగిలిన నీటిని సైతము దాహముగొనిన ఒక చండాలునికిచ్చెను. టాటీబంధ్ కూడలిలో ఆ మే మాసపు ఎండలో గురుద్వారమువారును, చుట్టుప్రక్కల సామాన్య జనులును నిలిచి, రొట్టెలు, నీరు అందించిరి. వ్యాధిభయము అందరికిని ఉన్నదే. ఎవరు, ఏ ఊరు, ఏ కులము అని అడుగుటకు ముందే లోటా నీరు చేతికి వచ్చెను. బస్సులును తరువాత ఏర్పాటైనవి. కాని మొదటి దినములలో అచ్చట చేరినవారు బ్రతికినది ఆ లోటా నీటిపై.

యువకుడు వైద్యశాల వైపు సైకిలు నడిపించుకొని పోయినాడు. గేటు వెలుపల మూటలు తలక్రింద పెట్టుకొని రోగుల బంధువులు పరుండియుండిరి. వారిలో ఒక ముదుసలి అతని చెమటను, కుంటుచున్న కాలును చూచి, ఇతడును వైద్యమునకు వచ్చినవాడే అనుకొని, ప్రక్కకు జరిగి నీడలో చోటిచ్చి, తన సీసాలోని నీరు అతనికి అందించెను. అతడు త్రాగెను. పిమ్మట పుస్తకము తీసి, విరాళముల పట్టీలో, లారీ డ్రైవరు నలువది కిలోమీటర్లు అను పంక్తి క్రింద, ఆ సీసా నీటిని జమ వ్రాసికొనెను.