చూచుటయా, పట్టుకొనుటయా?

ముండకోపనిషత్తులో ఒకే చెట్టుపై వ్రాలియున్న రెండు పక్షుల ప్రసంగము కలదు. ఒకటి పండ్లను రుచి చూచుచు తినుచుండగా, రెండవది ఏమియు తినక ఊరక చూచుచుండును. తినునది జీవుడనియు, చూచునది సాక్షియైన పరమాత్మ యనియు మన ఆచార్యులు వ్యాఖ్యానించిరి. కొండలను, చెరువులను, పశుపక్ష్యాదులను చిత్రించుటకై తెల్లవారుజామున కెమెరా భుజమున తగిలించుకొని ఊరి వెలుపలికి పోవు అభిరుచిపరులను, మీరు ఈ రెంటిలో ఏ పక్షి యని అడిగినచో, పెక్కుమంది తడుముకొనకుండ తాము రెండవ పక్షియనియే చెప్పుదురు. కొమ్మ విరువము, పిట్టను కొట్టము, పువ్వు కోయము. చూచి, ఒక ఫొటో తీసికొని వచ్చెదము, అంతే కదా యని వారి వాదము. వినుటకిది న్యాయముగానే యున్నది గాని నాకు నమ్మకము కుదురలేదు. గంటలకొలది కాచి కూర్చున్నను పిట్ట రాలేదని దిగులుపడువాడును, వచ్చినదని పొంగిపోవువాడును, తోటివాని ఫొటో తనదానికంటె మెరుగుగా నున్నదని రాత్రి నిద్రపట్టక దొర్లువాడును సాక్షి యెట్లగును? పండు కంటికి కనబడనంత మాత్రమున తినుట లేదనరాదు.

ఈ ప్రశ్నను విచారించుటకు సికిందరాబాదుకంటె తగిన ఊరు దక్షిణదేశమున మరియొకటి లేదని నా అభిప్రాయము. మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో వెలసిన ఈ దండుపట్టణములోనే పందొమ్మిదవ శతాబ్ది చివరి కాలమున రాజా దీన్ దయాళ్ తన స్టూడియో నెలకొల్పెను. 1844లో మీరట్ చేరువనున్న సర్ధనాలో జన్మించి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగము చేయుచు కెమెరా విద్యను అభ్యసించిన ఆయన, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ అను బిరుదమును పొంది, 1905లో కాలధర్మము చెందెను. ఆయన గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు 1989లో సేకరించి భద్రపరచిరి. కోటలు, దేవాలయములు, రాజుల దర్బారులు, సైన్యముల విన్యాసములు ఆ పలకలపై నిలిచినవి. ఆయన చిత్రములలో నాకు మరపురానిది మాత్రము వేరొకటి. 1902 ఏప్రిలులో వరంగల్లు జిల్లా నెక్కొండ దగ్గరి వేటవిడిదిలో వైస్రాయి కర్జన్ ప్రభువును, ఆయన భార్యయు నిలుచుండి తీయించుకొన్న చిత్రమది. వారి యెదుట పులి నేలపై పడియున్నది.

ఆ చిత్రమును చూచి దీన్ దయాళ్‌ను నిందించువారితో నేను ఏకీభవింపను; ఆయన పని ఆయన చేసెను. అయినను ఆ చిత్రమునకు వెనుక సాంకేతికమైన కారణమొకటి కలదు. ముక్కాలిపీటపై నిలుపవలసిన బరువైన పెట్టె, మార్చి మార్చి దూర్చవలసిన గాజుపలకలు, అడవిలోని మసక వెలుతురు, ఇవన్నియు కలిసి బ్రతికియున్న పులిని చిత్రించుటను ఆ కాలమున దాదాపు అసాధ్యము చేసినవి. కదలనిదే పలకపై స్పష్టముగా పడును, చచ్చినదే కదలదు. కనుకనే ఆ తరము వన్యమృగ చిత్రములలో అధికభాగము శవచిత్రములు. తరువాతి కాలమున బ్రిటిషు ఇండియాలోని సంయుక్త పరగణాల అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ పులి నడచు బాటకడ్డముగా సన్నని తీగ కట్టి, దాని కాలు తగిలినంతనే మెరుపుదీపము వెలిగి చిత్రము తనంతట తానే పడునట్లు ఏర్పాటు చేసి, రాత్రివేళ సంచరించు సజీవవ్యాఘ్రములను లోకమునకు చూపి, 1927లో వానిని గ్రంథముగా వెలువరించెను. అవి పడిన క్షణమున చాంపియన్ ఆ చోట లేడు. మరి వానిని తీసినదెవరు? వేదాంతులు తీరికగా తర్కింపదగిన ప్రశ్న యిది.

తుపాకి పోయి కెమెరా వచ్చినదని సంతోషించుట సులభము. 1931-32లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానమంతయు తిరిగి పక్షులను సర్వే చేసినప్పుడు సైతము, నాటి శాస్త్రపద్ధతి ననుసరించి పక్షులను కొట్టి చర్మములను సేకరింపవలసియే వచ్చెను. ఈ సికిందరాబాదులోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపును చీల్చి సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. చంపి చూచిన ఆ చూపు వలన లెక్కలేనన్ని ప్రాణములు నిలిచినవి గనుక, చంపక చూచినదే ఉత్తమమైన చూపని కట్టుదిట్టముగా శాసించుటకు నేను సాహసింపను. నా ప్రశ్న ప్రాణము తీయుటను గూర్చినది కాదు. ప్రాణము తీయకయే పట్టుకొనుట యొకటి కలదు, దానిని గూర్చినది.

దీనికి మన తెలంగాణమునందే కంటికెదురుగ నిదర్శనమున్నది. విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని మనవారి నమ్మిక. అజ్ఞాతవాసము ముగించి వచ్చు పాండవులకు ఆ పిట్ట కనబడినదని పెద్దలు చెప్పుదురు. పూర్వము ఆ సాయంకాలము ఇంటిల్లిపాది ఊరు దాటి, పొలిమేరలోని జమ్మిచెట్టు నొద్దకు పోయి, చేలగట్ల మీద నిలిచి పిట్ట కొరకు ఆకాశమును వెదకెడివారు. కనబడిన భాగ్యము, కనబడకున్న మరుసటి యేడు. నేడు పట్టణములలో ఆ శ్రమయే అక్కరలేదు. వేటగాండ్రు వలపన్ని పట్టిన పిట్టను పంజరములో పెట్టి, రెక్కలు కట్టి, మన వాకిటికే తెచ్చి, కొన్ని రూపాయలకు చూపించి పోవుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని నేరమనుచున్నది. పంజరపు బెదురు వలననో, ఆకలి వలననో పిట్టలలో కొన్ని పండుగ గడువకముందే చచ్చిపోవును.

ఇందులో విపరీతమేమనగా, పాలపిట్ట కూర్చున్నప్పుడు అంత సుందరమైనది కాదు. కరెంటు తీగమీద వాలియున్నప్పుడు వెన్ను మట్టిరంగుగను, రొమ్ము వెలసిన ఊదారంగుగను కనబడి, దూరమునుండి చూచినవానికి ఏదో గోధుమవన్నె పిట్ట యనిపించును. మిడుతపై కన్నుపడి తీగను విడిచి దిగినప్పుడు మాత్రము రెక్కలు విచ్చుకొని, లేతనీలమును ముదురునీలమును పట్టెలు పట్టెలుగ ఒక్కసారి భగ్గుమనును. రెండు మూడు క్షణములలో మరల తీగ మీదికి చేరి ముడుచుకొనును. దసరానాడు చూడవలసినదేదైన నున్నచో అది ఆ రెండు మూడు క్షణములే. రెక్కలు కట్టిన పిట్టను చూచినవాడు దేనికొరకు రూపాయలిచ్చెనో దానినే చూడలేదు.

కెమెరా పట్టినవాడు ఈ పంజరమువానిని చూచి నవ్వుటకు ముందు తన సంచిని ఒకసారి తడవి చూచుకొనవలెను. సెల్‌ఫోనులో పిట్టకూతను పదేపదే వినిపించి, తన హద్దులోనికి పగవాడు చొచ్చెనని భ్రమసిన మగపిట్టను కొమ్మ చివరకు రప్పించువారు కలరు. పురుగులను ఎరవేసి, తమకనువైన చోట పిట్ట వాలునట్లు అలవాటు చేయువారు కలరు. గూటికి అడ్డముగా నున్న ఆకులను కత్తిరించి, ఫొటో తీసి, ఎండకు కాకులకు పిల్లలను అప్పగించి పోవువారును కలరు. ఇవన్నియు ఊచలు లేని పంజరములే.

పర్వతములు, గుండ్లు ఎగిరిపోవు గనుక వాని విషయమున ఈ చిక్కు లేదందురేమో! మౌలాలి గుట్ట మీదను, బొల్లారము పరిసరములందును నిలిచియున్న గ్రానైటు గుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. ఒకదానిపై నొకటి ఎవరో పేర్చినట్లున్న ఆ గుండ్ల కడకు సూర్యోదయమైన మొదటి గంటలోపల పోయినచో, వెలుతురు అడ్డముగా పడుట వలన రాతిమీది ప్రతి గరుకునకును ఒక నీడ ఏర్పడి, లోపలి ఎర్రని పలుకులు మెరయును. పది గంటలకు పోయినచో అదే గుండు చప్పబడి, మట్టిగడ్డ వలె తోచును. గుండు మారలేదు, కెమెరా మారలేదు. వెలుతురుకు వేళ యున్నది. ఆ వేళను మనము నిర్ణయింపలేము, దానికి మనమే ఒదుగవలెను. బ్రాహ్మీముహూర్తమున లేవవలెనన్న శాస్త్రమును పాటింపని వారిచేత ఈ విద్య దానిని పాటింపజేయును. దీని వలని పుణ్యములలో ఇది యొకటి. అన్నట్లు, కంటోన్మెంటు సరిహద్దులలో ఫొటోలు తీయరాదను బోర్డులున్న చోట్ల సూర్యుడెంత అందముగా ఉదయించినను కెమెరా సంచిలోనే యుండనీయుడు. అచ్చటి సిపాయికి వేదాంతము చెప్పి ఒప్పింపలేరు.

పక్షుల విషయమున నియమములు మరికొన్ని గలవు. గాలికి ఎదురుగా ఎగురుట పక్షికి స్వభావము గనుక గాలిని, సూర్యుని వెనుకనుంచుకొని నిలిచినవానికి అది ఎదురుగా లేచును. పాలపిట్ట వేటాడి మరల అదే తీగకు తిరిగివచ్చుట పరిపాటి గనుక దాని వెంట పరుగెత్తనక్కరలేదు. ఒకచోట కూర్చుండి, క్షణములో వెయ్యవ వంతుకంటె తక్కువ వ్యవధికి షట్టరును అమర్చి, తీగకు గురిపెట్టియుంచిన చాలును. శామీర్‌పేట చెరువులో తెల్లని కొంగ నల్లని నీటి ముందర నిలిచినప్పుడు కెమెరా ఆ నలుపును చూచి మోసపోయి కొంగను సున్నపుముద్దగ చేయును గావున ఎక్స్‌పోజరును ఒక మెట్టు తగ్గింపవలెను. నిలుచుండి తీయుటకంటె కూర్చుండియో, బోర్లపడియో పక్షి కంటి ఎత్తునకు దిగి తీయుట మేలు. వీనిలో వేగమెంత, మెట్టెంత అనునవి రెండు దినములలో నేర్వవచ్చును. ఓపికగ కూర్చుండుటయు, కూర్చుండిన చోట తాను లేనట్లుండుటయు అలవడుటకు ఏండ్లు పట్టును.

మేతమేయుచున్న పక్షి తలయెత్తి, మెడ సాచి, మీవైపు కదలక చూచుచున్నదన్నచో, మీరు ఇదివరకే ఒక అడుగు ఎక్కువ వేసినారు. అభిరుచిపరులు గుర్తింపని తత్త్వమొకటి ఈ చిన్న సంగతిలో ఇమిడియున్నది. మనము పక్షిని చూచుటకు పోతిమనుకొందుము. కాని చెరువుగట్టు మీద కాలుపెట్టిన క్షణముననే పక్షి మనలను చూచియుండును. రూపము దృశ్యము, కన్ను ద్రష్ట; కన్ను దృశ్యము, మనస్సు ద్రష్ట; ఆ మనస్సునకును సాక్షి వేరొకడు అని దృగ్దృశ్యవివేకము మెట్లు మెట్లుగా చెప్పుచు పోవును. ఆ వరుసలో కెమెరాకు కన్నుకంటె క్రిందనే చోటు. అది చూడదు, చూడబడును. ఇక చూచువాడననుకొన్న మనుష్యుడు సైతము ఆ పిట్టకు దృశ్యమే కావుననే, తాను రెండవ పక్షినను అతని గర్వము చెరువుగట్టున చెల్లదు.

ముండకము ఇచ్చటనే ఒక ఉపాయమును చూపినది. తిను పక్షి దుఃఖము తీరుట తినుట మానివేయుట వలన కాదు, తన ప్రక్కనున్న ఆ రెండవ పక్షి వంకకు తలయెత్తి దాని మహిమను కాంచుట వలన నందురు. ఛాయాగ్రాహకుడు తాను సాక్షిననుకొనుట మాని, ఫలాపేక్షగల జీవుడనని ఒప్పుకొన్నచో, అతనికి మిగిలిన పని సులువగును: ఆశ యున్నను, ఆ ఆశకు ఎదుటిదాని చేత మూల్యము చెల్లింపరాదు. ఇందుకు విరక్తి అవసరము లేదు, మర్యాద చాలును.

ఆ మర్యాద మనకు క్రొత్తది కాదు. సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడికి బోనాలనాడు వచ్చు లక్షలాది జనులు వీధిలో ఎన్ని ఫొటోలు తీసికొన్నను, గర్భగుడి ముంగిట నిలిచినప్పుడు సెల్‌ఫోనును దించి కన్నులు మూసికొందురు. అచ్చట కెమెరా చొరరాదని వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. ప్రకృతిలో గూడు అట్టి గర్భగుడి. వేసవిలో పాలపిట్ట తాటిమోడు తొర్రలో గ్రుడ్లు పెట్టి పొదుగుచున్నప్పుడు ఆ మోడు కడకు పోయి నిలుచువాడు, లోపలికి చేయిపెట్టకున్నను, తల్లిని బయటనే నిలిపివేయును. మన దేశములోని పెక్కు ఛాయాచిత్ర పోటీలలో గూటి చిత్రములను స్వీకరింపరు. అది కఠిన నియమమని గొణగువారిని నేనెరుగుదును. నా దృష్టిలో అది చాలని నియమము. గూడున్న చోటు పేరును ఫొటోతో పాటు ప్రకటించుటను సైతము నిషేధింపవలెను.

చిత్రముల వలన ప్రకృతికి మేలు జరుగదా యన్నచో, జరుగును. హైదరాబాదు గుండ్లను క్వారీలవారి నుండి కాపాడుటకై 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడినది. దాని ముఖ్యులలో ఒకరైన నరేంద్ర లూథర్ ఆ గుండ్లపై ఒక డాక్యుమెంటరీ చిత్రమే తీసెను. దినము చూచుచు గమనింపని రాతిని చిత్రములో చూచి అబ్బురపడువారు కలరు గనుక అట్టి పని వలన లాభమే. కాని ఫలానా మేలు కొరకే తీయుచున్నానను మాటను, ఒక పిట్టను బెదరించిన తరువాత, సాకుగా చెప్పరాదు.

కావున చదువరులారా, కెమెరా యున్నవారైనను లేనివారైనను, రాబోవు విజయదశమినాడు పాలపిట్టను చూడగోరినచో సూర్యోదయమునకు ముందే లేచి బొల్లారము దాటి శామీర్‌పేట వైపు పొలములలోనికి పొండు. తీగల వెంబడి చూచుచు నడువుడు. కనబడిన సంతోషము, కనబడనిచో కనబడలేదనియే ఇంటికి రండు. పంజరము పట్టుకొని మీ వాకిటికి వచ్చినవానికి మాత్రము ఒక్క రూపాయియు ఇయ్యకుడు. వెంటనే అటవీశాఖవారికి తెలియజేయుడు.