మందుకు ఫలశ్రుతి

హెచ్‌ఐవీ ఉన్నవారు రోజూ మాత్ర మరవకుండా వేసుకుంటే సాధారణంగా రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి నిలిచినంత కాలం లైంగిక సంబంధం ద్వారా మరొకరికి సోకదు. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ అనే ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. అయినా మధ్యలో మానేసేవాళ్లు ఉంటూనే ఉన్నారు. అలాంటివాళ్లను చికిత్సలో నిలబెట్టడానికి కొన్ని దేశాల్లో డబ్బు ఇచ్చి చూశారు. తన ప్రాణం తాను కాపాడుకున్నందుకు ఎదురు డబ్బివ్వడమేమిటన్నది దానికి వచ్చే మొదటి అభ్యంతరం. ఇది వైద్యం కంటే ధర్మానికి సంబంధించిన ప్రశ్న: ఆశ చూపి చేయించిన మంచిపని మంచిపనేనా?

మన సంప్రదాయానికి ఈ చిక్కు పాతదే. వ్రతం చేస్తే సిరిసంపదలు కలుగుతాయని ఫలశ్రుతి ఊరిస్తుంది; గీత ఫలాపేక్ష వద్దంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే మాట భాగవతం పదకొండో స్కంధంలో, ఉద్ధవుడికి కృష్ణుడు చేసిన బోధలో ఉంది. ఫలశ్రుతి చెప్పేది పరమార్థం కాదనీ, మందు తాగించడానికి పుట్టించే రుచి లాంటిదనీ అక్కడి భావం. ఆ లెక్కన ఆశ చూపడంలో దోషం లేదు, మందు నిజంగా మేలు చేసేదై, ఆ మేలు తాగినవాడికే దక్కేటట్టయితే. ఏఆర్‌టీ మందులు ఈ పరీక్షకు నిలుస్తాయి. అయితే గీత చెప్పే మరో నియమమూ ఇక్కడ వర్తిస్తుంది. మనిషికి అధికారం చేసే పని మీదే గాని ఫలితం మీద లేదు. అందువల్ల డబ్బు ఇవ్వాలా వద్దా అన్నదానికంటే, దేనికి ఇస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లోనూ వాషింగ్టన్ డీసీలోనూ జరిగిన అధ్యయనంలో, వైరస్ అదుపులో ఉందని పరీక్షలో తేలితే మూడు నెలలకోసారి 70 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చారు. 2017లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, వైరస్ అదుపులో ఉన్నవారి శాతం పెరిగింది 3.8 పాయింట్లే. ఉగాండా గ్రామాల్లో అలాగే వైరస్ అదుపుకు డబ్బిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. టాంజానియాలోని షిన్యాంగా ప్రాంతంలో మాత్రం కొత్తగా చికిత్స మొదలుపెట్టినవారికి, ఆస్పత్రికి వచ్చినందుకే ఆరు నెలల పాటు నెలకు 10,000 లేదా 22,500 షిల్లింగులు ఇచ్చారు. పెద్ద మొత్తమైనా సుమారు పది డాలర్లే. ఆరు నెలలకు చూస్తే, డబ్బు అందనివారిలో 73 శాతం మందికి వైరస్ అదుపులో ఉండగా, తక్కువ మొత్తం అందినవారిలో 83, ఎక్కువ అందినవారిలో 86 శాతం మందికి అదుపులో ఉంది. మూడు చోట్లా జనమూ పరిస్థితులూ వేరు గనుక ఇదే రుజువు అనలేం. కానీ ధర్మం చూపే దారికి ఈ అంకెలు అడ్డు రావు. ఆస్పత్రికి రావడం రోగి చేతిలో ఉన్న పని. రక్తంలో వైరస్ మోతాదు, అంటే వైరల్ లోడ్, పూర్తిగా అతని చేతిలో లేదు. క్రమం తప్పకుండా మింగినా, మందుకు లొంగని వైరస్ ఉన్నవాడికి అది తగ్గకపోవచ్చు. అతనికి డబ్బు ఆపేస్తే దురదృష్టానికి జరిమానా వేసినట్టే.

ఇది లంచమంటారు కొందరు. లంచం కర్తవ్యం తప్పడానికి ఇచ్చేది. ఇది తన మేలు తాను చూసుకోవడానికి ఇచ్చేది. డబ్బు చొరబడితే దానగుణం చస్తుందని రక్తదానం గురించి రిచర్డ్ టిట్మస్ 1970లో వాదించాడు. మాత్ర మింగడం ఎవరికో చేసే దానం కాదు. చికిత్స విషయంలో రోగిని ఆపేవి తరచూ బస్సు చార్జీ, పోయే కూలి, ఎవరైనా చూస్తారన్న భయం. మొదటి రెండింటినీ డబ్బు తీరుస్తుంది, మూడోదాన్ని తీర్చలేదు. బుద్ధిగా మందులు వాడేవారికి అన్యాయం కాదా అంటే, వచ్చిన ప్రతివారికీ ఇస్తే ఆ పేచీ ఉండదు. బలమైన అభ్యంతరం ఒకటుంది: చికిత్స జీవితాంతం, డబ్బు కొన్నాళ్లు. అలవాటు కుదరని తొలి నెలలకు ప్రోత్సాహం సరిపోవచ్చు గాని, బీదరికం అలవాటుతో పోయేది కాదు.

అందుకే ప్రోత్సాహాన్నీ జీవనాధారాన్నీ కలపకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ తీసుకునే అర్హులకు ఇచ్చే సామాజిక పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైంది. అది తిండికీ అద్దెకూ ఆసరా. దాన్ని రేపెవరైనా వైరల్ లోడ్‌కు ముడిపెడదామంటే ఒప్పుకోకూడదు. రుచి పుట్టించే డబ్బు షరతుతో రావచ్చు. కడుపు నింపే డబ్బుకు రక్తపరీక్ష షరతు కాకూడదు.