జమదగ్ని చూపు

బల్కంపేట ఎల్లమ్మ గుడికి రద్దీ లేని వేళ చూసి వెళ్తాను. అమ్మవారు నేలమట్టానికి కింద, బావిలో ఉంటుంది. ఈమే రేణుక అంటారు. ఆమె మనసు ఒక్క క్షణం చలించిందని భర్త జమదగ్ని కనిపెట్టి, కొడుకు పరశురాముడితోనే తల నరికించాడు. పరశురాముడు వరంగా తల్లి ప్రాణం అడిగాడు, జరిగింది ఆమెకు గుర్తుండొద్దన్నాడు. తనకు మరపు మాత్రం అడగలేదు.

అమీర్‌పేటలో సైకాలజిస్టుగా పనిచేసి రిటైరైన నాకు, ఒక్క క్షణాన్ని బట్టి తల్లిని తూచిన ఈ కథ పిల్లల కస్టడీ కేసులాగే తోస్తుంది. ఫ్యామిలీ కోర్టుల చట్టం (1984) 12వ సెక్షన్ కింద జడ్జి మాలాంటివాళ్ల సాయం తీసుకోవచ్చు. లాయరు అడిగేది ఒకటే: "పర్సనాలిటీ డిజార్డర్ ఉందా, లేదా?" రోగాల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం అది సుమారు 2 ఏళ్లు, ఆపైన సాగిన తీరై ఉండాలి. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోలో ఇరుక్కుని, రుసరుసలాడుతూ వచ్చిన తల్లిని గంటలో ఏం తూస్తాం? ఆ అనుమానం, ఆ అరుపు ఆమె స్వభావమా, విడాకుల గొడవ పెట్టిన మంటా? తండ్రుల సంగతీ అంతే.

2013లో ఒక తెలుగు దంపతుల విడాకుల కేసులో సుప్రీంకోర్టు, స్కిజోఫ్రీనియా అన్న పేరొక్కటే చాలదు, తీవ్రత చూడాలంది. బిడ్డ విషయంలోనైతే 1956 నాటి హిందూ మైనర్ల సంరక్షణ చట్టానికి బిడ్డ క్షేమమే ముఖ్యం.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. నేను ఒప్పుకోను, పోకపోయినా బుద్ధి నేరం కాదు. కోపమొస్తే ఆ తల్లి పక్కగదిలోకి వెళ్తుందా, పిల్లాడి మీదికి వెళ్తుందా? నాకు కావలసింది అది. కొన్ని ఫైళ్లలో బిడ్డను మూడో మనిషి ఎదుటే కలవనివ్వమని రాశాను. అలా రాయడానికి రోగం పేరు అవసరం పడలేదు.