అంటుకోని జబ్బు

ఎండ జబ్బు తెస్తుంది, కాంతి జబ్బు తీస్తుంది. చర్మానికి పట్టే క్షయని కాంతితో నయం చేసినందుకు నీల్స్ ఫిన్సెన్‌కి 1903లో నోబెల్ ఇచ్చారు. నిజాం కాలంలో మన అనంతగిరి కొండమీద క్షయ రోగులకి శానటోరియం వెలిసింది. మంచి గాలి, వెలుతురు కూడా వైద్యమేనని నమ్మిన రోజులవి.

ఇవాళ్టి ఫోటోడైనమిక్ థెరపీ ఆ నమ్మకానికి దూరపు చుట్టం. అమైనోలెవులినిక్ ఆసిడ్ ఉన్న క్రీమ్ రాస్తారు. దెబ్బతిన్న కణాలు దాన్ని ప్రోటోపార్ఫిరిన్‌గా మార్చి ఎక్కువెక్కువ దాచుకుంటాయి. ఎర్రకాంతి పడగానే అది ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి ఆ కణాల్నే చంపేస్తుంది. ఎండవల్ల వచ్చే, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న మచ్చలకీ, పైపొరల్లోనే ఉన్న బేసల్ సెల్ క్యాన్సర్‌కీ ఇది పనిచేస్తుంది. మంట గట్టిగానే ఉంటుంది, కానీ కోత ఉండదు. లోతుకి దిగిన గడ్డని మాత్రం కోసి తీయాల్సిందే.

"మనకెందుకిదంతా? మన నలుపే మన గొడుగు" అనొచ్చు. చాలావరకు నిజం. ఆస్ట్రేలియాలో ఉన్నంతగా ఈ క్యాన్సర్లు ఇక్కడ లేవు. సాఫ్ట్‌వేర్‌లో మేమూ ఇలాగే అంటాం: "అది ఎడ్జ్ కేస్, తర్వాత చూద్దాం." యాప్ విషయంలో అది చెల్లుతుంది. కానీ కోట్‌పల్లి ఆయకట్టులో, ఆల్బినిజంతో పుట్టిన ఒక కూలీ కొడుకుని ఊహించుకోండి. అందరికీ ఉన్న గొడుగు వాడికి లేదు. ఊరి సగటు మెలనిన్ వాడి వీపుని కాపాడదు.

"ఎండలో తిరక్కు" అని చెప్పడం తేలిక. కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్‌కి వచ్చే మనం ఎండని ఎంచుకుంటాం, సన్‌స్క్రీన్ రాసుకుని మరీ. కందిచేలో పనిచేసేవాళ్ళని ఎండే ఎంచుకుంటుంది. దారి చూపించకుండా ఇచ్చే సలహా, నేరం వాళ్ళమీదే తోసేయడం.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్ని గుర్తించింది. అందులో ఆల్బినిజం పేరు లేదు. చూపు బాగా తక్కువుంటే ఆ లెక్కన సర్టిఫికెట్ రావచ్చు. అంటే చట్టం వాడి కళ్ళని చూసింది, చర్మాన్ని చూడలేదు.

పెద్ద యంత్రాలు తర్వాత సంగతి. టాంజానియాలోని మోషీలో ఆల్బినిజం ఉన్నవాళ్ళ కోసమే 'కిలిసన్' అనే సన్‌స్క్రీన్ తయారుచేస్తున్నారు. అరుదైన సమస్యంటే తక్కువమంది, తక్కువ ఖర్చు అని కూడా కదా అర్థం! అరుదు అన్నమాట మనం వాయిదాకే ఎందుకు వాడుకుంటాం?

నాకు తోచిన జవాబు అంత అందంగా లేదు. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఇవ్వాల్సిందే. కానీ ఆ ఉదారతలో కాస్త భయం కూడా ఉంది: ఆ జబ్బు మనకీ అంటుకుంటుంది. ఈ పిల్లాడి జబ్బు ఎవరికీ అంటుకోదు. వాడికి ఒక టోపీ, నిండుచేతుల చొక్కా, నెలకో సన్‌స్క్రీన్ ట్యూబు, ఏడాదికోసారి చర్మ పరీక్ష ఇస్తే మనకి ఒరిగేదేం లేదు. మనం ఇచ్చేది న్యాయమో, భయమో తేలేది సరిగ్గా అక్కడే.