వేరు పెట్టిన మొర, ఆకు పాటించు నియమము

ఆర్తుడు మొరపెట్టుట యొకటి; ఆ మొరను వినువాడుండుట వేరొకటి. ఈ రెండును కలిసిననాడే రక్షణము సిద్ధించును. గజేంద్రుడు మడుగులో నిలిచి పిలిచెను. వైకుంఠమున నున్న స్వామి ఆలకించి కదలివచ్చెను. భాగవతమున అష్టమస్కంధమందలి ఈ కథను ఎఱుగని వైష్ణవగృహము లేదు. ఐతే మొరయు ఆలకింపును పురాణమందే కాక, పొలమున నిలిచిన మొక్కయందును అనుదినము జరుగుచున్నవని నేటి జీవశాస్త్రము తెలుపుచున్నది. దానిని తెలిసికొన్నచో భక్తునకు తన ధర్మము మఱింత స్పష్టపడును.

సూర్యాపేట జిల్లాలోని నడిగూడెము ఇట్టి విచారమునకు తగిన గ్రామము. మునగాల సంస్థానాధీశులైన రాజా నాయని వేంకటరంగారావుగారి కోట ఇచ్చటనే కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించినవారిలో ఆయన ఒకరు. తెలుగున శాస్త్రగ్రంథములను వెలువరించుటకై 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలికిని ఆయన అండ లభించినది. జాతీయపతాక రూపకర్తగా పిమ్మట ప్రసిద్ధికెక్కిన పింగళి వెంకయ్యగారు ఈ నడిగూడెముననే కొంతకాలము వసించి, ప్రత్తిపైరుపై పరిశోధనలు సాగించి, పత్తి వెంకయ్య యను పేరు గడించిరి.

ప్రత్తి కాపునకు వచ్చిన వేళ వానలు వెనుదీసినచో పూతయు పిందెయు రాలిపోవుట రైతులెల్లరకు తెలిసినదే. లేతకాయలు రాలుటకు హేతువేమని వెదకుచు, 1963లో అమెరికాదేశపు కాలిఫోర్నియాలో అడికాట్, ఒకుమా మున్నగు శాస్త్రజ్ఞులు ప్రత్తికాయలనుండియే ఒక పదార్థమును వేఱుపఱచిరి. దానికి తరువాత ఆబ్సిసిక్ ఆమ్లమను పేరు స్థిరపడినది. కాయలను రాల్చుటకంటె, కఱవువేళ మొక్కలోని నీటిని కాపాడుటయే దాని ప్రధాన వ్యాపారమని క్రమముగా తేలినది.

అది పనిచేయు విధమిది. ఆకునందు కంటికి కానరాని రంధ్రములు అసంఖ్యాకములు. ఒక్కొక్క రంధ్రమునకు ఇరుప్రక్కల రెండు జీవకణములు జయవిజయులవలె ద్వారమును కాచియుండును. ఆహారము వండుకొనుటకు వలసిన బొగ్గుపులుసు వాయువును మొక్క ఆ ద్వారముననే గ్రహించును. ఆ ద్వారముననే నీరు ఆవిరియై పోవును. నేల యెండుట తొలుత వేరునకు తెలియును. ఆకు ఇంకను పచ్చగనే యుండును. అప్పుడు వేరు తన బాధను తనలో దాచుకొనక వార్త పంపును. 2018లో జపాను శాస్త్రజ్ఞులు ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్కయందు ఆ వార్తను మోయు మాంసకృత్తు తునకను గుర్తించిరి. అది వేరునుండి ఆకును చేరగా, ఆకు ఆ ఆమ్లమును సిద్ధపఱచును. ద్వారపాలక కణములలో ఆ ఆమ్లమును గుర్తుపట్టు మాంసకృత్తులు కలవని 2009లో తేలినది. వాటికి ఆమ్లము తగిలినంతనే కణములలోని లవణములు వెలికిపోవును. వాని వెంట నీరును పోవును. కణములు సడలి ద్వారము మూసికొనును.

ఇందు గమనింపవలసిన దేమన, ద్వారము మూసికొన్న ఆకు తన భోజనమునే తగ్గించుకొనుచున్నది. వేరు బాధకై ఆకు ఉపవసించుచున్నది! గీతయందు ఇంద్రియములను ఉపసంహరించుకొను స్థితప్రజ్ఞునకు అంగములను ముడుచుకొను తాబేలు ఉపమానమైనది. ఆకు చేయుపనియు అట్టిదే. మఱియు ఈ నియమమునకు మితి కలదు. చిరకాలము మూసియున్నచో మొక్క ఆకలితో నశించును. కావున వాన కురిసి వేరు తడిసినంతనే ఆ ఆమ్లము క్షీణించును, ద్వారము తెఱచుకొనును. దేహమును కృశింపజేయుటయే పరమార్థమని భ్రమించు వ్రతపరులకు ఇది మేలైన పాఠము.

ఋషులకు ఈ ఆమ్లము ముందే తెలియునని చెప్పుట సత్యము కాదు. అట్లు చెప్పుటవలన శాస్త్రమునకు గౌరవమును కలుగదు. ఋషులు చెప్పినది వేఱు. ఏ ద్రవ్యము చేతనునిచే ధరింపబడి, నియమింపబడి, అతనికొఱకే శేషమై యుండునో అది శరీరమని భగవద్రామానుజులు నిర్ణయించిరి. చిదచిత్తులు రెండును శ్రీమన్నారాయణునకు శరీరమే. ఒకే శరీరమందలి అవయవములకు ఒకదాని బాధ మఱియొకదానికి పరాయిది కానేరదు. ఆకునకు తెలియకయే జరుగు ఈ ధర్మమును మానవుడు తెలిసి ఆచరింపవలెను. అదియే శేషత్వము.

ఆ ఆచరణమునకు ఆలయమువలెనే కాలువగట్టును తావే. 1967లో నాగార్జునసాగరమునుండి నీరు విడువబడిన పిమ్మట ఎడమకాలువ ఈ ప్రాంతపు చేలను తడుపుచున్నది. ఐతే ఏ కాలువకైనను మొదటి భూములవారికి నీరు సమృద్ధి, చివరి భూములవారికి ఎదురుచూపు. తన మడి నిండినను మడవ కట్టనివాడు తిరునామము ధరించియు శేషత్వము నెఱుగనివాడే. చివరి పొలమునుండి మొర వినవచ్చినపుడు ఒక పూట మడవ కట్టుట ఏకాదశీ వ్రతమునకు తీసిపోదు.

మొర వినుట యెంత ధర్మమో, మొరపెట్టుటయు అంత ధర్మము. పైరు పోయి, అప్పు పెరిగి, ఇల్లాలికి గాని తోబుట్టువునకు గాని చెప్పక లోలోన కుములు గృహస్థుడు ధైర్యవంతుడు కాడు. వార్త పంపని వేరువంటివాడు. పైకి పచ్చగా కనబడుచుండగనే మొక్క యెండిపోవును. శరణాగతికి అంగములైన ఆఱింటిలో గోప్తృత్వవరణము, అనగా రక్షింపుమని నోరార వేడుట, ఒకటి. కార్పణ్యము, అనగా తన అశక్తతను ఒప్పుకొనుట, మఱియొకటి. ఈ రెండింటిలో సిగ్గుపడవలసిన దేదియు లేదు. స్వామియెదుట చెప్పుకొనదగిన బాధ సాటి భాగవతునియెదుటను చెప్పుకొనదగినదే. స్వామి అనేక పర్యాయములు సాటిమనిషి చేతులతోనే రక్షించును.

కృష్ణాతీరమున మట్టపల్లి శ్రీలక్ష్మీనృసింహస్వామిని సేవించి మరలు యాత్రికులు ప్రహ్లాదుని పిలుపును తలచుకొందురు. ఇల్లు చేరిన పిదప తన ఇంట, తన వీధిలో, తన కాలువ చివర ఎవరి పిలుపు వినబడక మిగిలినదో విచారించుట ఆ యాత్రకు సాఫల్యము.