వెనుకకు నడిచిన ఇద్దరు

వాక్యభాగము: ఆదికాండము 9:20–27



నోవహు ద్రాక్షారసము త్రాగి మత్తుడై తన గుడారములో వస్త్రహీనుడుగా పడియుండెను. తప్పు ఆయనదే; బైబిలు దానిని దాచలేదు. అయినను ఆ దినమున నోవహు ఇంటిమీదికి శాపపు మాట తెచ్చినది హాము చేసిన పని. అతడు చూచెను, బయటికి పోయి చెప్పెను. షేము, యాపెతులైతే భుజములమీద వస్త్రము వేసికొని, ముఖములు తిప్పుకొని, వెనుకకు నడిచి తండ్రిని కప్పిరి.

హాము చేసిన పనిని మన కాలములో అచ్చుయంత్రములు చేసెను. 1983లో వనెస్సా విలియమ్స్ అను యువతి మిస్ అమెరికా కిరీటము పొందిన మొదటి నల్లజాతి స్త్రీ ఆయెను. అంతకు పూర్వము ఆమె ఒక ఫోటోగ్రాఫరు వద్ద పని చేయుచున్నప్పుడు అతడు ఆమె నగ్నచిత్రములు తీసియుండెను. 1984లో వాటిని ప్లేబాయ్ పత్రికకు ఇయ్యజూపగా, ఆమె సమ్మతి లేదని దాని అధిపతి హ్యూ హెఫ్నర్ నిరాకరించెను. పెంట్‌హౌస్ పత్రిక వాటిని అచ్చువేసెను. ఆ సంచిక లక్షల ప్రతులు అమ్ముడాయెను. జూలైలో ఆమె కిరీటము వదలుకొనవలసి వచ్చెను. 50 కోట్ల డాలర్లకు దావా వేసి, పిమ్మట దానిని విరమించుకొనెను. ఆ పోటీ సంస్థ పెద్ద వేదికమీద నిలిచి ఆమెను క్షమాపణ వేడుటకు 2015 వరకు పట్టెను.

నగ్నచిత్రములతో వ్యాపారము చేయువాడే స్త్రీ సమ్మతిని అడిగెనే! దేవుని బిడ్డలమైన మనము అంతమాత్రము అడుగవద్దా? డబ్బిచ్చి కొని చూచిన ఆ లక్షలమంది తాము ఎవరికిని కీడు చేయలేదనుకొనిరి. హాము కూడ ఎవరిని కొట్టలేదు. చూచి చెప్పెను, అంతే.

నేడు పత్రిక కొననక్కరలేదు; చిత్రము మన ఫోనులోనికే వచ్చును. సమ్మతి లేకుండ ఒకరి శరీర రహస్యభాగముల చిత్రము తీయుట, ప్రచురించుట, పంపుట మన దేశములో నేరము. సమాచార సాంకేతిక చట్టము 66ఇ సెక్షను క్రింద 3 ఏండ్ల వరకు జైలుశిక్ష, 2 లక్షల రూపాయల వరకు జరిమానా కలదు. చట్టము పంపిన చేతిని పట్టును. ప్రభువు మత్తయి 5:28లో చూచిన కంటిని పట్టుచున్నాడు.

సినిమా నటి చిత్రమైతే నవ్వి ప్రక్కవానికి పంపుదుము. పరాయి రాష్ట్రములో మన తెలుగు ఇండ్లు కొద్ది, అందరును ఎరిగినవారే. రేపు మన సంఘపు బిడ్డ చిత్రమే వచ్చినయెడల, ఆమె ఆదివారము మందిరపు మెట్టు ఎక్కగలదా? ఆమె తప్పు ఎంత అని విచారింపకుడి. షేము, యాపెతులు విచారించుటకు నిలువలేదు, కప్పిరి. చిత్రమును ఎవరికిని పంపకుడి. ఆ ఇంటికి వెళ్లి ప్రార్థించుడి. కప్పుట అనగా నేరస్థుని దాచుట కాదు గనుక, వారు ఫిర్యాదు చేయగోరినచో పోలీసు స్టేషనుకు తోడు నడువుడి.

సిలువయొద్ద సైనికులు మన ప్రభువు వస్త్రములు పంచుకొనుచుండగా జనులు చూచుచు నిలిచిరి. ఆయన ఆ సిగ్గును భరించి, మన సిగ్గును కప్పెను. కప్పబడిన మనము ఇతరులను కప్పువారమగుదుము గాక. ఆమేన్.